టైటిల్ వచ్చింది, డబ్బు అయిపోయింది: బోరుస్సియా డార్ట్‌మండ్ కేస్ స్టడీ

జర్మన్ ఫుట్‌బాల్ గురించి రెండు మాటలు తరచూ వింటుంటాం. అక్కడి క్లబ్బులు డబ్బు విషయంలో క్రమశిక్షణతో ఉంటాయన్నది ఒకటి. టైటిల్ ఎవరిదో సీజన్ మొదలవకముందే తెలిసిపోతుందన్నది రెండోది. ఈ రెండిటికీ సంబంధం లేనట్టే చాలామంది మాట్లాడతారు. నా లెక్క ప్రకారం మొదటిది రెండోదానికి ఒక కారణం.

అప్పుల్లో ఇరుక్కున్న కంపెనీల లెక్కలు చూసి, వాటిని నిలబెట్టవచ్చో లేదో బ్యాంకులకు చెప్పడం నా పని. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు నేను ఎక్కువగా వాడే ఫైలు ఏ ఫ్యాక్టరీదో, బిల్డర్‌దో కాదు, బోరుస్సియా డార్ట్‌మండ్‌ది. స్టాక్ ఎక్స్ఛేంజీకి వెళ్లిన తొలి జర్మన్ క్లబ్బు అదే. కాబట్టి లెక్కలన్నీ బహిరంగమే, ఎవరైనా తీసి చదువుకోవచ్చు. ఒక కంపెనీ ఎలా మునుగుతుందో, ఎలా తేలుతుందో, తేలాక కూడా ఎందుకు రెండో స్థానం దాటలేకపోతుందో మూడూ ఈ ఒక్క ఫైల్లో దొరుకుతాయి.

ముందు లీగ్ సంగతి. 1963లో జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లీగా మొదలయ్యాక తొలి ఏడు సీజన్లలో ఏడు వేర్వేరు క్లబ్బులు టైటిల్ గెలిచాయి: కొలోన్, వెర్డర్ బ్రెమెన్, 1860 మ్యూనిక్, బ్రౌన్‌ష్వైగ్, న్యూరెంబర్గ్, బయెర్న్ మ్యూనిక్, మ్యోన్షెన్‌గ్లాడ్‌బాఖ్. వీటిలో న్యూరెంబర్గ్ 1968లో ఛాంపియన్, మరుసటి ఏడాదే కింది డివిజన్‌కు పడిపోయింది. అది పాత కాలం అనుకుందాం. 2002 నుంచి 2012 వరకు పదకొండు సీజన్లు తీసుకోండి. బయెర్న్ ఐదు, డార్ట్‌మండ్ మూడు, వెర్డర్, స్టుట్‌గార్ట్, వోల్ఫ్స్‌బర్గ్ తలా ఒకటి గెలిచాయి. ఆ తర్వాతి పదకొండు సీజన్లు, 2013 నుంచి 2023 దాకా, పదకొండూ బయెర్న్‌వే.

మార్కెట్‌లో గుత్తాధిపత్యం ఎంతుందో చూడటానికి వాడే సూచీనే ఇక్కడా వాడొచ్చు. ఒక్కో క్లబ్బు గెలిచిన టైటిళ్ల వాటాను వర్గం చేసి కూడాలి. అన్నీ ఒక్కరే గెలిస్తే 1 వస్తుంది. మొదటి పదకొండేళ్లకు వచ్చేది 0.31. రెండో పదకొండేళ్లకు సరిగ్గా 1. ఈ రెండు కాలాల మధ్య లీగ్ యాజమాన్య నియమాలు పెద్దగా మారలేదు. మారింది ఏమిటన్నది తెలియాలంటే డార్ట్‌మండ్ ఫైల్ తెరవాలి.

పదకొండు యూరోల షేరు

1995, 1996లో డార్ట్‌మండ్ వరుసగా లీగ్ గెలిచింది. 1997లో మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో యువెంటస్‌ను 3–1తో ఓడించింది. రూర్ ప్రాంతపు బొగ్గు, ఉక్కు ఊరి క్లబ్బు యూరప్ ఛాంపియన్ అయ్యింది. అధ్యక్షుడు గెర్డ్ నీబౌమ్, మేనేజర్ మైఖేల్ మయర్ అక్కడితో ఆగాలనుకోలేదు. ఇక ఎప్పటికీ బయెర్న్‌తో సమానంగా ఉండాలన్నది వాళ్ల పట్టుదల.

సమానంగా ఉండాలంటే డబ్బు కావాలి. 1998లో జర్మన్ ఫుట్‌బాల్ సంఘం క్లబ్బుల ప్రొఫెషనల్ విభాగాలను కంపెనీలుగా విడదీయడానికి ఒప్పుకుంది. కాకపోతే ఓటింగ్ హక్కుల్లో సగానికి పైన సభ్యుల సంఘం దగ్గరే ఉండాలని షరతు పెట్టింది. దీన్నే 50+1 నియమం అంటారు. డార్ట్‌మండ్ దీనికి ఒక తెలివైన రూపం ఎంచుకుంది. షేర్లు ఎవరైనా కొనొచ్చు, కానీ కంపెనీని నడిపే అధికారం మాత్రం పూర్తిగా సంఘం చేతిలో ఉన్న ఒక చిన్న సంస్థది. వాటాదారు డబ్బు పెడతాడు, స్టీరింగ్ మాత్రం అతని చేతికి రాదు. 2000 అక్టోబర్ 31న ఒక్కో షేరు 11 యూరోలకు మార్కెట్‌లోకి వచ్చింది. క్లబ్బు ఖాతాలోకి 10 కోట్ల యూరోలకు పైగా చేరాయి.

ఆ సొమ్ము ఎక్కడికి పోయిందన్నది చూస్తే అసలు కథ తెలుస్తుంది. టొమాష్ రోజిట్‌స్కీ, యాన్ కొల్లర్, ఆ తర్వాత పార్మా నుంచి భారీ ధరకు మార్సియో అమొరోజో వచ్చారు. సొంత క్రీడా దుస్తుల బ్రాండ్ కూడా మొదలుపెట్టారు, అదొక వేరే సరదా. షేర్ల మీద వచ్చింది ఒక్కసారి వచ్చే డబ్బు. ఆటగాళ్ల జీతాలు ప్రతి నెలా పోయే డబ్బు. మొదటిదాన్ని చూసి రెండోదానికి సంతకాలు పెట్టారు. నా దగ్గరకొచ్చే చిన్న కంపెనీల్లో సగం ఇదే పని చేసి వస్తాయి, తేడా సున్నాల సంఖ్యలోనే.

అయినా ఫలితం వచ్చింది. 2001–02 సీజన్ చివరి రోజున వెర్డర్‌ను ఓడించి, లెవర్‌కూజెన్ కంటే ఒక్క పాయింట్ ముందు నిలిచి టైటిల్ గెలిచారు. కోచ్ మాటియాస్ జామర్. అమొరోజో లీగ్‌లో ఎక్కువ గోల్స్ చేసినవాళ్లలో ఒకడు. అదే నెలలో యూరప్ క్లబ్బుల రెండో స్థాయి టోర్నీ యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ కూడా ఆడారు, రోటర్‌డామ్‌లో ఫెయెనూర్ద్ చేతిలో 3–2తో ఓడారు. బయటివాళ్ల కంటికి పెట్టుబడి ఫలించినట్టే ఉంది.

స్టేడియం అమ్మి అద్దెకు ఉండటం

లోపల మాత్రం చేతిలో డబ్బు ఆడటం లేదు. 2002లో టీవీ హక్కులు కొన్న కిర్ష్ మీడియా దివాలా తీసింది. వస్తాయనుకున్న టీవీ డబ్బులు తగ్గాయి. అదే ఏడాది డార్ట్‌మండ్ తన స్టేడియంలో ఉన్న వాటాను మోల్సిరిస్ అనే పెట్టుబడి ఫండ్‌కు అమ్మి, అదే స్టేడియాన్ని లీజుకు తీసుకుంది. ఆ ఫండ్‌లో డబ్బు పెట్టింది వేల మంది మామూలు మదుపరులు.

ఇక్కడ జూనియర్లను ఆపి అడుగుతాను: ఈ ఏడాది లాభనష్టాల పట్టికలో ఏం కనిపిస్తుంది? అమ్మకం కాబట్టి నగదు కనిపిస్తుంది, పుస్తక విలువ (లెక్కల్లో రాసుకున్న విలువ) కంటే ఎక్కువకు అమ్మితే లాభం కూడా కనిపిస్తుంది. వచ్చే ఏడాది నుంచి ఏం కనిపిస్తుంది? అద్దె. దక్షిణ స్టాండ్‌లో పాతిక వేల మంది నిలబడి చూసే ఆ మైదానం క్లబ్బుకున్న ఒకే ఒక్క గట్టి ఆస్తి. తాకట్టు పెట్టడానికి పనికొచ్చేదీ అదే. దాన్ని అమ్మింది ఆటగాళ్ల జీతాల కోసం. మా వాళ్లు అప్పు చేసి పప్పుకూడు అంటారు చూడండి, ఇది దానికి ఒక మెట్టు పైన: ఇల్లమ్మి పప్పుకూడు.

ఇక మిగిలిన ఆశ ఛాంపియన్స్ లీగ్ డబ్బు. 2003 ఆగస్టులో అర్హత రౌండ్‌లో బెల్జియం క్లబ్బు బ్రూజ్ చేతిలో డార్ట్‌మండ్ పెనాల్టీల మీద ఓడిపోయింది. ఆ సీజన్ బడ్జెట్లో పెద్ద భాగం ఒక్క రాత్రిలో గాల్లో కలిసింది. ఆటగాళ్లు 20 శాతం జీతం వదులుకున్నారు. 2003–04లో వచ్చిన నష్టం 6.77 కోట్ల యూరోలు. అప్పు 10 కోట్లు దాటింది.

ఇక్కడ ఒక విచిత్రం. ఆ గడ్డు రోజుల్లో జీతాలు ఇవ్వలేని స్థితిలో ఉన్న డార్ట్‌మండ్‌కు బయెర్న్ మ్యూనిక్ ఏ హామీ అడక్కుండా 20 లక్షల యూరోలు అప్పిచ్చింది. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత, 2012లో, బయెర్న్ పెద్దమనిషి ఉలి హోనెస్ బయటపెట్టాడు. కొందరు దీన్ని ఆయన మంచితనంగా చెప్పుకుంటారు. నాకైతే లెక్క తెలిసినవాడి పని అనిపిస్తుంది. మామూలు వ్యాపారంలో పోటీదారుడు మూతపడితే మనకు లాభం. లీగ్‌లో అలా కుదరదు, ఎదుటి జట్టు లేకపోతే మ్యాచే లేదు. పోటీదారుడు బతకాలి, కానీ మరీ బలపడకూడదు. 20 లక్షలు సరిగ్గా ఆ మోతాదు.

2004 నవంబర్‌లో నీబౌమ్ అధ్యక్ష పదవి వదిలాడు, రైన్‌హార్డ్ రౌబాల్ వచ్చాడు. 2005 ఫిబ్రవరిలో కంపెనీ పగ్గాలు హాన్స్ యోవాకిమ్ వాట్స్‌కే చేతికి వెళ్లాయి. అప్పులిచ్చినవాళ్లంతా ఒక పునరుద్ధరణ ప్రణాళికకు ఒప్పుకోవాలి. బ్యాంకులు ఒప్పుకోవడం ఒక ఎత్తు, మోల్సిరిస్ ఫండ్ మదుపరులు ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. వాళ్ల అద్దె కొంతకాలం వాయిదా పడాలి. 2005 మార్చి 14న డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయం దగ్గర హాల్లో సమావేశం జరిగింది.

ఆ మదుపరుల స్థానంలో మనల్ని ఊహించుకుంటే వాళ్ల ఓటు అర్థమవుతుంది. వాళ్లలో అందరూ డార్ట్‌మండ్ అభిమానులు కారు, పన్ను మినహాయింపు కోసమో రాబడి కోసమో డబ్బు పెట్టినవాళ్లు చాలామంది. ‘కాదు’ అంటే చేతిలో మిగిలేది ఒక ఫుట్‌బాల్ స్టేడియం. ఆ ఊళ్లో దాన్ని అద్దెకు తీసుకోగల జట్టు ఒక్కటే, అదేమో దివాలా తీసి ఉంటుంది. దాన్ని పడగొట్టి అమ్మితే ఎంత వస్తుందో అందరికీ తెలుసు. ‘సరే’ అంటే అద్దె ఆలస్యంగానైనా వస్తుందన్న ఆశ ఉంటుంది. 90 శాతానికి పైగా ‘సరే’ అన్నారు. అప్పులవాళ్ల సమావేశాల్లో కోపం ఎంత ఉన్నా ఓటు చివరికి ఇలాగే పడుతుంది: మూసేస్తే వచ్చేది ఎంత, నడిపిస్తే వచ్చేది ఎంత.

ఆ తర్వాత చేసిన పనులు చెప్పుకోవడానికి పెద్ద ఆసక్తిగా ఉండవు. 2005 చివర్లో స్టేడియం పేరును సిగ్నల్ ఇడూనా అనే బీమా సంస్థకు అమ్మారు. 2006లో మోర్గాన్ స్టాన్లీ నుంచి దాదాపు 7.9 కోట్ల యూరోల దీర్ఘకాలిక అప్పు తీసుకుని స్టేడియాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. 2008లో మార్కెటింగ్ హక్కులు స్పోర్ట్‌ఫైవ్‌కు దీర్ఘకాలానికి ఇచ్చి, ముందుగా వచ్చిన డబ్బుతో ఆ అప్పు తీర్చారు. షేరు ఒక దశలో యూరో కంటే కిందికి జారింది. 11 యూరోలకు కొన్న అభిమానులు సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకుని గోడకు తగిలించుకోవడం తప్ప చేసేదేమీ లేకపోయింది. 2005 నుంచి 2008 దాకా లీగ్‌లో స్థానాలు వరుసగా 7, 7, 9, 13. అన్ని ఓటముల మధ్యా స్టేడియానికి సగటున 70 వేల మందికి పైగా వస్తూనే ఉన్నారు. నిజానికి క్లబ్బును కాపాడిన క్యాష్‌ఫ్లో అదే.

రెండోసారి ఎక్కడం

2008లో మైన్‌జ్ నుంచి యుర్గెన్ క్లాప్ వచ్చాడు. ఖరీదైన ఆటగాళ్లను కొనే స్థోమత లేదు కాబట్టి కుర్రాళ్లను తెచ్చారు. షింజి కగావా 3.5 లక్షల యూరోలకు వచ్చాడు. పోలండ్ నుంచి రాబర్ట్ లెవాండోవ్‌స్కీ 50 లక్షల లోపే. మారియో గ్యోట్సె, నూరి షాహిన్ సొంత అకాడమీ పిల్లలు. మాట్స్ హమ్మెల్స్‌ను బయెర్నే వదిలేసింది. 2011లో టైటిల్, 2012లో 81 పాయింట్లతో మళ్లీ టైటిల్, ఆపైన జర్మన్ కప్ ఫైనల్లో బయెర్న్ మీద 5–2. పదేళ్ల కిందట ఎంతో ఖర్చు చేసి ఒక్క పాయింట్ తేడాతో గెలిచిన క్లబ్బు, ఈసారి ఎంతో తక్కువతో బయెర్న్ కంటే ఎనిమిది పాయింట్లు ముందు నిలిచింది.

నిజంగా మలుపు అక్కడే. బయెర్న్ జవాబు 2012 వేసవిలో వచ్చింది. హావీ మార్టినెజ్ కోసం 4 కోట్ల యూరోలు పెట్టింది, అప్పటికి బుండెస్‌లీగా రికార్డు. 2013 ఏప్రిల్‌లో, రియల్ మాడ్రిడ్‌తో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌కు ఒక్క రోజు ముందు, గ్యోట్సె 3.7 కోట్లకు బయెర్న్‌కు వెళ్తున్నట్టు బయటికొచ్చింది. ఒప్పందంలో ఆ ధరకు వదలాలని రాసి ఉంది, డార్ట్‌మండ్ కాదనడానికి లేదు. అలాంటి షరతు ఎందుకు రాశారని చాలామంది తిట్టారు. ఆ షరతు లేకపోతే ఆ కుర్రాడు సంతకమే పెట్టడు. జీతంలో పోటీ పడలేని యజమాని, వెళ్లిపోయే స్వేచ్ఛను జీతంలో భాగంగా ఇస్తాడు.

లెవాండోవ్‌స్కీ సంగతి ఇంకా ఆసక్తికరం. 2013లో అమ్మితే డబ్బు వచ్చేది. అమ్మకుండా ఇంకో ఏడాది ఆడించుకుని 2014లో ఒప్పందం ముగిశాక పైసా లేకుండా బయెర్న్‌కు వదిలేశారు. ఈ నిర్ణయం తప్పని జూనియర్లు దాదాపు అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆ ఏడాది అతను 20 గోల్స్‌తో లీగ్‌లోనే ఎక్కువ గోల్స్ చేశాడు, డార్ట్‌మండ్ రెండో స్థానంలో నిలిచి ఛాంపియన్స్ లీగ్ డబ్బు తెచ్చుకుంది. 2003లో ఆ డబ్బు రాకపోతే ఏమైందో గుర్తున్న యాజమాన్యం అది. 2016లో హమ్మెల్స్ కూడా మ్యూనిక్ రైలే ఎక్కాడు.

క్లబ్బు ఆ తర్వాత ఒక వ్యాపార పద్ధతికి స్థిరపడింది. కుర్రాళ్లను కొనడం, ఆడించడం, అమ్మడం. ఉస్మాన్ డెంబెలేను 2016లో 1.5 కోట్లకు ఐదేళ్ల ఒప్పందం మీద కొన్నారు. లెక్కల్లో ఆటగాడు ఒక ఆస్తి, కొన్న ధరను ఒప్పందపు ఏళ్లకు పంచి ఏటా ఖర్చు రాస్తారు. ఏడాదికి 30 లక్షలు. ఏడాది తర్వాత పుస్తకంలో మిగిలిన విలువ 1.2 కోట్లు. బార్సిలోనా 10.5 కోట్లు ఇచ్చింది, బోనస్‌లు అదనం. ఏజెంట్ల ఖర్చులు, ఇతరుల వాటాలు పక్కన పెడితే 9.3 కోట్ల లాభం ఒక్క సంతకంతో వచ్చి పడింది. సొంత అకాడమీ కుర్రాడైతే పుస్తక విలువ దాదాపు సున్నా, వచ్చిందంతా లాభమే. తర్వాత జేడన్ సాంచో, ఎర్లింగ్ హాలండ్, జూడ్ బెల్లింగ్‌హామ్ ఇదే దారిలో వెళ్లారు. బెల్లింగ్‌హామ్‌కు 2023లో రియల్ మాడ్రిడ్ 10 కోట్లకు పైగా ఇచ్చింది.

బ్యాంకు కళ్లతో చూస్తే ఈ పద్ధతి బాగానే ఉంది. టైటిల్ కళ్లతో చూస్తే ప్రతి రెండు మూడేళ్లకోసారి జట్టు మొదటికి వస్తుంది.

కాపాడే నియమం ఏం కాపాడుతోంది

జర్మనీలో ప్రతి క్లబ్బూ ఏటా లీగ్ నుంచి లైసెన్స్ తెచ్చుకోవాలి. రాబోయే సీజన్ పూర్తిచేయడానికి నగదు ఉందా అన్నది అక్కడ ప్రధానంగా అడిగే ప్రశ్న. ప్రశ్న మంచిదే. దానికి 50+1 తోడైతే, సంఘం పట్టు వదలకుండా బయటి ధనవంతుడు వచ్చి డబ్బు కుమ్మరించే దారి మూసుకుపోతుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి: బేయర్ కంపెనీ లెవర్‌కూజెన్, ఫోక్స్‌వాగన్ చేతిలోని వోల్ఫ్స్‌బర్గ్. అతికొద్ది మంది ఓటు సభ్యులతో నడిచే లైప్‌జిగ్ సంగతి ఎలా చూడాలన్నది ఎప్పుడూ గొడవే.

టీవీ డబ్బు పంపకం చూస్తే జర్మన్లు మరీ అన్యాయం చేయడం లేదు. దేశీయ హక్కులు లీగే ఉమ్మడిగా అమ్ముతుంది. ఇటీవలి పద్ధతిలో దాదాపు సగం అందరికీ సమానంగా, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆట ఫలితాలను బట్టి పంచుతారు. అందుకే పై వరుస తప్ప మిగతా లీగ్ అంతా ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. 2019లో పైకొచ్చిన యూనియన్ బెర్లిన్ 2023కల్లా ఛాంపియన్స్ లీగ్‌లో ఉంది. ఎన్నడూ పడిపోని హాంబర్గ్ 2018లో, షాల్కే 2021లో పడిపోయాయి. లీగ్ మొత్తానికి ఒక్క సంఖ్య తీసి ‘పోటీ లేదు’ అనేస్తే ఇదంతా కనపడదు.

తేడా పుట్టేది లీగ్ బయట. ఛాంపియన్స్ లీగ్ డబ్బు, స్పాన్సర్లు, విదేశీ అభిమానులు ప్రతి ఏటా ఒకే చోటికి చేరతాయి, అక్కడ వడ్డీ మీద వడ్డీలా పెరుగుతాయి. బయెర్న్‌లో అడిడాస్, ఆడి, అలియాన్‌జ్ మూడింటికీ కలిపి పాతిక శాతం వాటా ఉంది. 2023–24లో బయెర్న్ గ్రూపు ఆదాయం తొలిసారి 100 కోట్ల యూరోలు దాటింది. అదే సీజన్లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లిన డార్ట్‌మండ్‌కు, ఆటగాళ్ల అమ్మకాలు తీసేస్తే, దాదాపు 51 కోట్లు వచ్చాయి. బయెర్న్ అమ్మకాలు కూడా తీసేసి చూసినా తేడా ఇంచుమించు రెండింతలు. ఎవరూ అప్పు చేయకూడదు, ఎవరూ బయటి డబ్బు తేకూడదు అన్నప్పుడు, ముందున్నవాడు ముందే ఉంటాడు. డార్ట్‌మండ్ 2000లో అప్పుతో ఆ వరుస దాటాలని చూసింది, ఆ దారి ఎందుకు మూశారో 2005 చెబుతుంది. రెండోసారి తెలివితో దాటింది, ఆ తెలివిని బయెర్న్ ఒక్కొక్కరినీ కొనుక్కుంటూ పోయింది.

దీనికి మందు ఏమిటంటే నాకు నిజంగా రెండు ఆలోచనలున్నాయి. ఐపీఎల్‌లోలాగా వేలానికి పర్స్ పరిమితి పెట్టొచ్చు కదా అంటారు. అక్కడ కిందికి పడిపోవడం లేదు, బయటి లీగ్‌లకు ఆటగాళ్లను పోగొట్టుకునే భయమూ తక్కువే. జర్మనీ ఒక్కటే అలాంటి పరిమితి పెడితే ఆటగాళ్లు ఇంగ్లండ్‌కు విమానం ఎక్కుతారు. రెండో దారి బయటి పెట్టుబడి. 2023 డిసెంబర్‌లో లీగ్ మీడియా హక్కుల సంస్థలో ఒక ఇన్వెస్టర్‌కు వాటా ఇవ్వడానికి 36 క్లబ్బుల్లో 24 ఓటేశాయి. అభిమానులు మైదానాల్లోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో ప్రయత్నమే మానేశారు. ఆ అభిమానులను నేను తప్పు పట్టలేను. వాళ్లు దివాలాను దగ్గరగా చూశారు.

పోనీ టైటిల్ ఇంకెవరికీ దక్కదా అంటే, 2023 మే 27న డార్ట్‌మండ్ సొంత మైదానంలో మైన్‌జ్‌ను ఓడిస్తే చాలు, టైటిల్ వాళ్లదే. 2–2తో డ్రా అయ్యింది. అదే సమయంలో కొలోన్‌లో బయెర్న్ ఆటగాడు ముసియాలా 89వ నిమిషంలో గోల్ కొట్టి తన జట్టును గెలిపించాడు. ఇద్దరికీ 71 పాయింట్లే, గోల్స్ తేడాతో బయెర్న్‌కు వరుసగా పదకొండో టైటిల్. మరుసటి ఏడాది లెవర్‌కూజెన్ 34 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా గెలిచింది. అది 50+1కు మినహాయింపు ఉన్న క్లబ్బు. 2025లో టైటిల్ మళ్లీ మ్యూనిక్‌కే వెళ్లింది.

ఇప్పుడు ఇదే ఫైలు అప్పు కోసం నా బల్ల మీదకు వస్తే ఎలా చూస్తానో చెబుతాను. ఛాంపియన్స్ లీగ్ ఆదాయం సున్నా అని వేసి, ఆటగాళ్ల అమ్మకాలు సగానికి కోసి, జీతాలూ వడ్డీలూ టికెట్లు, టీవీ, స్పాన్సర్ల డబ్బుతో నిలబడతాయా అని చూస్తాను. కోవిడ్ సీజన్‌లో డార్ట్‌మండ్‌కు 7 కోట్లకు పైగా నష్టం వచ్చింది. ఖాళీ స్టేడియంతో ఆ పరీక్ష నిజంగానే జరిగిపోయింది. ఈసారి స్టేడియం అమ్మలేదు, 2021లో కొత్త షేర్లు అమ్మి పూడ్చుకున్నారు. ఆ ఒక్క తేడా మీద అప్పు ఇస్తాను. స్టేడియం తాకట్టు పెట్టించుకుని, దాన్ని మళ్లీ అమ్మకుండా షరతు రాయించుకుని ఇస్తాను. టైటిల్ గెలుస్తారా అన్న గడి ఆ ఫారంలో ఉండదు.